ఒకసారి మునిగాక మళ్లీ మునగాలా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా బాప్తిస్మం గురించే. పెళ్లిళ్ల కాలం కదా, రెండు సంఘాల వాళ్లు వియ్యమందేటప్పుడు ఈ తగువు రాక మానదు. అందుకని మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: సార్, మేం తరతరాలుగా బాప్తిస్టులం. మా అమ్మాయికి గుంటూరు వైపు లూథరన్ సంబంధం కుదిరింది. అబ్బాయికి మూడు నెలల పసిబిడ్డప్పుడే నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇచ్చారు. మా సంఘ పెద్దలు అది చెల్లదు, మళ్లీ ముంచుడు బాప్తిస్మం తీసుకుంటేనే మన గుడిలో పెళ్లి అంటున్నారు. వాళ్లేమో ‘బాప్తిస్మమొక్కటే’ అని పౌలు రాశాడు కదా, రెండోసారి ఎట్లా తీసుకుంటాం అంటున్నారు. శుభలేఖలు అచ్చుకి ఇవ్వాలి, ఇంట్లో ఒకటే టెన్షన్. తొలినాళ్ల సంఘంలో ఏం చేసేవాళ్లు?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, మీ సంఘం నియమాన్ని మార్చమనో ఉంచమనో చెప్పే అధికారం నాకు లేదు. మీరు అడిగింది తొలినాళ్ల సంగతి, అది చెప్తాను. చివర్లో నాకు తోచింది కూడా చెప్తాను.

ముందు నీళ్ల విషయం. డిడాఖే అని ఒక చిన్న పుస్తకం ఉంది. గ్రీకులో ఆ మాటకి బోధ అని అర్థం. మొదటి శతాబ్దం చివర్లోనో రెండో శతాబ్దం మొదట్లోనో రాసి ఉంటారని ఎక్కువమంది పండితుల మాట. అందులో బాప్తిస్మం గురించి ఉన్న నాలుగు వాక్యాలు చదివితే మన పల్లెలో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని చెప్తున్నట్టు ఉంటుంది. పారే నీళ్లలో ఇవ్వండి, పారే నీళ్లు లేకపోతే వేరే నీళ్లలో ఇవ్వండి, చన్నీళ్లు కుదరకపోతే వేణ్ణీళ్లు, అవీ ఇవీ చాలినన్ని లేకపోతే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో తల మీద మూడుసార్లు పోయండి, ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ముందు ఉపవాసం ఉండండి. అంతే. మునగడానికే మొదటి పీట, అందులో మీ పెద్దల మాట నిజం. కానీ తల మీద పోస్తే చెల్లదని మాత్రం ఆ పుస్తకం అనలేదు.

యూఫ్రటీసు నది ఒడ్డున దురా యూరోపస్ అనే ఊరు ఉండేది, ఇప్పటి సిరియాలో. అక్కడ ఒక మామూలు ఇంటిని 240 ప్రాంతంలో గుడిగా మార్చుకున్నారు. 256లో పర్షియా సైన్యం ఊరిని ముట్టడించినప్పుడు కోటగోడకి బలం కోసం పక్కనున్న ఇళ్లను మట్టితో పూడ్చేశారు, ఆ మట్టి వల్లే ఆ గుడి 1930ల తవ్వకాల దాకా చెక్కుచెదరకుండా ఉంది. అందులో ఒక చిన్న గది బాప్తిస్మానికే. ఒక చివర తొట్టి, దాని పైన గోడ మీద గొర్రెను భుజాన మోస్తున్న కాపరి బొమ్మ, పక్క గోడ మీద పేతురు నీళ్ల మీద నడవబోయిన బొమ్మ. ఆ తొట్టిలో దిగినవాళ్లకి ఎదురుగా ఆ బొమ్మలే కనపడేవి. దాని కొలతలు చూసి పూర్తిగా ముంచేవాళ్లా, నిలబెట్టి పోసేవాళ్లా అని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ఇక పసిబిడ్డల విషయంలో ఆనాటి సంఘం ఒక్కమాట మీద లేదు. కార్తేజిలో, అంటే ఇప్పటి ట్యునీషియాలో, 200 ప్రాంతంలో తెర్తుల్లియన్ పిల్లలకెందుకు తొందర, ఎదగనివ్వండి, క్రీస్తును ఎరిగే వయసొచ్చాక క్రైస్తవులు కానివ్వండి అని రాశాడు. వద్దన్నాడంటే అప్పటికే ఇస్తున్నారన్నమాట. అదే ఊళ్లో యాభై ఏళ్లు తిరిగేసరికి బిషప్పు సిప్రియన్ మరో 66 మంది బిషప్పులతో కూర్చుని, ఎనిమిదో రోజు దాకా కూడా ఆగక్కర్లేదు, పుట్టిన బిడ్డకు వెంటనే ఇవ్వచ్చని తేల్చాడు. ఇంకో వందేళ్లకు చూస్తే మంచి విశ్వాసుల ఇళ్లలోనే బిడ్డలకు ఇవ్వకుండా ఆపుకుంటున్నారు. తర్వాత ఉత్తర ఆఫ్రికాలో హిప్పో అనే ఊరికి బిషప్పయిన అగస్టీన్ సంగతి చూడండి. ఆయన తల్లి మోనిక ఎంత భక్తురాలో అందరికీ తెలుసు, అయినా అగస్టీన్ బాప్తిస్మం తీసుకుంది 32 ఏళ్ల వయసులో, 387 ఈస్టరుకి, మిలానులో. చిన్నప్పుడు కడుపునొప్పితో ప్రాణం మీదికి వస్తే ఇప్పించబోయారు, ఈలోగా తగ్గిపోయింది, ఆపేశారు. బాప్తిస్మం తర్వాత చేసే పాపం ఇంకా బరువని అప్పట్లో భయం. కాన్‌స్టంటైన్ చక్రవర్తి అయితే 337లో చావు పడక మీద తీసుకున్నాడు.

కాబట్టి అమ్మా, మీ పద్ధతికీ వియ్యంకుల పద్ధతికీ రెండింటికీ పాత సాక్ష్యం ఉంది.

అసలు ప్రశ్న ‘మళ్లీ’ అనే మాట దగ్గరే. దీని గురించి రాయాలంటే మా ఇంట్లో జరిగింది చెప్పకుండా నావల్ల కాదు.

మా నాయనమ్మది కందుకూరు దగ్గర పల్లె. ఆమెకు పదహారేళ్లప్పుడు ఊరి చెరువులో బాప్తిస్మం ఇచ్చిన పాస్టరుగారు తర్వాత్తర్వాత తాగుడుకి అలవాటుపడి, చెడ్డపేరు తెచ్చుకుని సంఘం వదిలి వెళ్లిపోయాడు. డెబ్బై దాటాక నాయనమ్మ మా చిన్నాన్న దగ్గర ఉండటానికి టౌనుకి వచ్చింది. అక్కడి సంఘంలో, పేరు వద్దు, నీకు ఇచ్చినవాడే అలాంటివాడైతే అది బాప్తిస్మమే కాదు, మళ్లీ తీసుకునేదాకా ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనలో, చెయ్యి వేయడానికి లేదు అన్నారు. ఏడు నెలలు ఆమె వెనక వరసలో కూర్చుని, రొట్టె పళ్లెం తన ముందు నుంచి పోతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకునేది. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నా. “నేను మునిగింది దేవుడి కోసం గదరా, ఆ పాస్టరు కోసమా?” అని ఒకరోజు నన్నడిగింది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. ఆఖరికి జనవరి చలిలో, గుడి వెనక సిమెంటు తొట్టిలో మళ్లీ మునిగింది. వారం రోజులు జ్వరం.

ఆమె అడిగినదానికి 1600 ఏళ్ల కిందటే జవాబు చెప్పిన మనిషి ఉన్నాడని నాకు చాలా ఏళ్ల తర్వాత, ఆమె పోయాక, తెలిసింది.

జరిగింది ఇదీ. 303లో రోము చక్రవర్తి డయోక్లీషియన్ గుళ్లు కూల్చమని, గ్రంథాలు తగలబెట్టమని హుకుం జారీచేశాడు. ఉత్తర ఆఫ్రికాలో కొంతమంది గురువులు భయపడి గ్రంథాలు అధికారుల చేతికి ఇచ్చేశారు. కొంతమంది ఇవ్వక చచ్చిపోయారు. హింస సద్దుమణిగాక కార్తేజికి సిసిలియన్ అనే ఆయన్ని బిషప్పుగా నియమించారు. ఆయన మీద చేతులుంచిన వాళ్లలో ఒకడు గ్రంథాలు అప్పగించినవాడని గొడవ లేచింది. అప్పగించినవాడి చేతుల్లో ఏ పవిత్రత ఉంది, వాడు చేసిన నియామకం చెల్లదు, ఆ నియామకం పొందినవాళ్లు ఇచ్చే బాప్తిస్మం వట్టి స్నానం అన్నారు ఒక వర్గం. వాళ్ల నాయకుడు డొనాటస్ పేరు మీద వాళ్లకి డొనాటిస్టులని పేరొచ్చింది. వంద ఏళ్లు దాటినా ఆ చీలిక మానలేదు. ఒకే ఊళ్లో రెండు గుళ్లు, ఇద్దరు బిషప్పులు, అదే బైబిలు, ఒకరి బల్లలో ఒకరు చెయ్యి వేయరు, అటునుంచి ఇటొస్తే మళ్లీ ముంచుతారు. 411లో కార్తేజిలో రెండు వర్గాలనూ ఎదురెదురుగా కూర్చోబెడితే ఒక్కో వైపు 280 మంది దాకా బిషప్పులు వచ్చారంటే ఎంత లోతుగా చీలిందో చూడండి. ఇది చదువుతుంటే నాకు మన ఊళ్లే కనపడతాయి.

ఈ ప్రశ్న అంతకు ముందే, 255, 256 నాటికే వచ్చింది. చీలిపోయిన వర్గంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు తిరిగొస్తే మళ్లీ ఇవ్వాలన్నాడు సిప్రియన్. అక్కర్లేదు, చేతులుంచి ప్రార్థన చేస్తే చాలన్నాడు రోము బిషప్పు స్టీఫెన్. 314లో ఇప్పటి ఫ్రాన్సులోని ఆర్ల్ అనే ఊళ్లో జరిగిన బిషప్పుల సభ ఒక దారి చెప్పింది: అలా వచ్చినవాణ్ని విశ్వాస ప్రమాణం అడగండి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల్లో బాప్తిస్మం పొందాడని తేలితే మళ్లీ ముంచకుండా చేతులుంచి చేర్చుకోండి.

దానికి వేదాంతంలో పునాది వేసింది హిప్పో బిషప్పు అగస్టీన్. బాప్తిస్మం ఇచ్చేది మనిషి కాదు, పేతురు ఇచ్చినా ఇచ్చేది క్రీస్తే, యూదా ఇచ్చినా ఇచ్చేది క్రీస్తే అన్నాడు, యోహాను సువార్త మీద ప్రసంగిస్తూ. యేసును పట్టించిన ఇస్కరియోతు యూదా! ఈ వాక్యం మొదటిసారి చదివినరోజు నేను పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా నాయనమ్మ బతికుంటే వెంటనే బస్సెక్కి వెళ్లి చదివి వినిపించేవాణ్ని. ఇదే అగస్టీన్ తర్వాత ఆ డొనాటిస్టులను దారికి తేవడానికి ప్రభుత్వం బలప్రయోగం చేస్తే సమర్థించాడు. ఆయనమీద నాకెంత గౌరవమున్నా అది తప్పే. ఆ రాతలు చూపించి తర్వాతి శతాబ్దాల్లో ఎంతోమందిని హింసించారు.

మీ పెద్దల వైపు నుంచి కూడా ఒకటి చెప్పాలి. వాళ్లు ‘మళ్లీ’ అనుకోరు. విశ్వసించకుండా పొందింది బాప్తిస్మమే కాదు కాబట్టి ఇదే మొదటిది అంటారు. 16వ శతాబ్దంలో ఆ మాట అన్నందుకే ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. 1527 జనవరిలో జూరిక్‌లో ఫెలిక్స్ మాంజ్ అనే ఆయన్ని చేతులు కట్టి నదిలో ముంచి చంపారు. అంత ఖరీదు చెల్లించి నిలబెట్టుకున్న నమ్మకాన్ని మొండితనం అని కొట్టిపారేయకూడదు.

నాకు తోచింది అడిగితే, ఆర్ల్ సభ చెప్పినట్టు చేయండి. అబ్బాయిని పెద్దల ముందు కూర్చోబెట్టి తన విశ్వాసం తన నోటితో చెప్పమనండి. పెద్దలు తొందరపడకుండా వినాలి, అడగాల్సినవి అడగాలి. విన్నాక కూడా ముంచాలనే అనిపిస్తే, పెళ్లి తేదీ చూపించి బలవంతంగా ముంచిన బాప్తిస్మం తమ నమ్మకం ప్రకారమే చెల్లుతుందా అని వాళ్లే ఆలోచించుకోవాలి. పెళ్లి గుంటూరులో పెట్టుకుని ఇక్కడ ప్రార్థన కూడిక పెట్టుకున్నా కొంపలేం మునగవు.

ప్రశ్న: మా ఊరికి దగ్గర్లోనే వెల్లంపల్లి. గుండ్లకమ్మలో 1878లో ఒకే రోజు 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారని మా తాతలు గొప్పగా చెప్పేవాళ్లు. కాలేజీలో మా స్నేహితులేమో ఒక్కరోజులో అంతమందికి ఇవ్వడం కుదరదని, ఇచ్చినా కరువులో బియ్యం కోసం మారారని అంటారు. పాతకాలంలో ఇలా గుంపులు గుంపులుగా ఇచ్చిన సందర్భాలున్నాయా?
– ఒక యువకుడు, మద్దిపాడు మండలం

జవాబు: కుదురుతుందా లేదా అన్నది లెక్క చూస్తే తెలిసిపోతుంది తమ్ముడూ. జులై 3న ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు, మధ్యాహ్నం ఆపి మళ్లీ మొదలుపెట్టారు, మొత్తం సుమారు తొమ్మిది గంటలు. ఒక్కొక్కరికి అర నిమిషం చొప్పున పడుతుంది. కుదురుతుంది. ముంచిన చేతులు కూడా తెలుగువాళ్లవేనన్నది మర్చిపోవద్దు.

బియ్యం సంగతి. 1876 నుంచి 1878 దాకా ధాత కరువులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి పనులిప్పించాడు. జనం బాప్తిస్మం అడుగుతున్నా, కూటి కోసం చేరారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఇవ్వకుండా ఆపాడు. కరువు పని ఆగిపోయి, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా వచ్చినవాళ్లే ఆ 2222 మంది. బియ్యం కోసమని అనేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

పాతకాలంలో ఉన్నాయా అంటే బోలెడు. పెంతెకొస్తు రోజు సుమారు మూడు వేలమంది అని అపొస్తలుల కార్యాల్లోనే ఉంది. 597 క్రిస్మసుకి ఇంగ్లండులో పదివేలకు పైగా బాప్తిస్మం పొందారని పోప్ గ్రెగరీ అలెగ్జాండ్రియా పీఠాధిపతికి సంబరంగా ఉత్తరం రాశాడు. ఆ తర్వాత ఒక తరానికి ఉత్తర ఇంగ్లండులో పౌలినస్ అనే బిషప్పు రాజుగారి విడిదిలో 36 రోజులుండి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి బోధించడం, పక్కనున్న గ్లెన్ అనే ఏట్లో ముంచడం, ఇదే పనిగా ఉన్నాడని ఆనాటి ఇంగ్లండు చరిత్రకారుడు బీడ్ రాశాడు. 988లో కీవ్ రాజు వ్లాదిమిర్ ఊరందర్నీ నీపర్ నదిలోకి దిగమన్నాడు.

గుండ్లకమ్మకీ వీటిల్లో చాలావాటికీ ఒక పెద్ద తేడా ఉంది, నాకు ఆ తేడాయే ముఖ్యం. అక్కడ ముందు రాజు మారాడు, ఆ వెనక ప్రజలు దిగారు. రాజు దిగాక దిగనని ఎవడంటాడు? ఫ్రాంకుల రాజు షార్లమాన్ అయితే ఇప్పటి జర్మనీలో ఉండే సాక్సన్లనే తెగను ఓడించి, బాప్తిస్మం వద్దని దాక్కున్నవాడికి మరణశిక్ష అని చట్టమే చేశాడు. 782లో వెర్డెన్ దగ్గర ఒక్కరోజులో 4500 మంది సాక్సన్ల తలలు నరికించాడని ఆయన ఆస్థానం వాళ్లు రాసుకున్న చరిత్రలోనే ఉంది. ఆయన కొలువులోని పండితుడు ఆల్కుయిన్ 796లో దీన్ని తప్పుపడుతూ ఉత్తరాలు రాశాడు. మనిషిని బాప్తిస్మానికి ఈడ్చుకురావచ్చు గానీ విశ్వాసానికి ఈడ్చుకురాలేం, విశ్వాసం ఇష్టం మీద పుట్టేది అన్నాడు. కొత్తగా నమ్మినవాళ్ల మీద దశమభాగాల భారం మోపడం వల్లే సాక్సన్ల విశ్వాసం చెడిందని కూడా నిర్మొహమాటంగా రాశాడు. రాజు జీతం తింటూ ఆ మాట రాయడానికి ధైర్యం కావాలి.

గుండ్లకమ్మలో దిగినవాళ్ల వెనక రాజు లేడు, జమీందారు లేడు. ఎక్కువమంది మాదిగలు, తోలు పని చేసుకునేవాళ్లు, ఊరి బావిలో చేద వేయనీయని జనం. నిజానికి తొలి మూడు శతాబ్దాల సంఘం పెరిగింది ఇలాగే, కింది నుంచి. 178 ప్రాంతంలో కెల్సస్ అనే తత్వవేత్త క్రైస్తవులను ఎగతాళి చేస్తూ, ఉన్ని ఏకేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, చదువు లేనివాళ్లు ఇళ్లలో చేరి ఆడవాళ్లకీ పిల్లలకీ బోధిస్తున్నారు అన్నాడు. తిట్టు అనుకుని రాశాడాయన. మన ప్రాంతంలో మాదిగల్లోంచి వచ్చిన తొలినాటి బోధకుడు, తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్యగారి గురించి చదివినప్పుడల్లా నాకు ఆ వాక్యమే గుర్తొస్తుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

ఇంకో ముచ్చట. పైన చెప్పిన డిడాఖే చేతిరాత ప్రతి కాన్‌స్టాంటినోపుల్లో 1873లో బయటపడింది, అచ్చయింది మాత్రం 1883లో. అంటే పారే నీళ్లలో ఇవ్వమన్న ఆ పాత మాట ప్రపంచం చదవడానికి అయిదేళ్ల ముందే మన గుండ్లకమ్మ పారే నీళ్లలో అది జరిగిపోయింది.

ప్రశ్న: సార్, నైసియా సభలో కాన్‌స్టంటైన్ ఓట్లు వేయించి యేసును దేవుణ్ని చేశాడని, నచ్చని సువార్తలు తీసేసి బైబిలు తయారుచేయించాడని ఒక వీడియోలో చూశాను. మా హాస్టల్లో దీనిమీద పెద్ద గొడవే అయింది. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: బైబిలు సంగతి చప్పున తేల్చేద్దాం. 325లో ఇప్పటి టర్కీలోని నైసియాలో బిషప్పులు కూడిన సభ చేసిన 20 నియమాలు మనకు అందాయి, వాటిలో ఏ పుస్తకాలు ఉంచాలి, ఏవి తీయాలి అన్న ముక్కే లేదు. నాలుగు సువార్తలే అని 180 ప్రాంతంలోనే ఇరేనియస్ అనే బిషప్పు వాదించాడు. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న కొత్త నిబంధన 27 పుస్తకాల జాబితా అచ్చంగా అలాగే మొదటిసారి కనిపించేది 367లో, అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ ఈస్టరుకి రాసిన ఉత్తరంలో. అప్పటికి కాన్‌స్టంటైన్ పోయి 30 ఏళ్లు.

యేసును దేవుణ్ని చేయడం. నైసియాకి రెండు వందల ఏళ్ల ముందు, 112 ప్రాంతంలో, ఇప్పటి టర్కీ ప్రాంతానికి గవర్నరుగా ఉన్న ప్లినీ అనే ఆయన రోము చక్రవర్తికి ఉత్తరం రాశాడు. ఆయన క్రైస్తవుడు కాదు, వాళ్లను శిక్షించే అధికారి. వీళ్లు తెల్లవారకముందే కూడి, క్రీస్తుకి దేవుడికి పాడినట్టు కీర్తన పాడుకుంటారు అని రాశాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మరి నైసియాలో దేనికి కొట్టుకున్నారు? అలెగ్జాండ్రియాలో ఏరియస్ అనే గురువు కుమారుడు గొప్పవాడే, సృష్టికి ముందే ఉన్నవాడే, కానీ ఆయన కూడా తండ్రి చేసినవాడే, ఆయన లేని ఘడియ ఒకటి ఉంది అని బోధించాడు. మంచి పాటగాడు. ఓడ పనివాళ్లు, తిరగలి దగ్గర పనిచేసేవాళ్లు, దారిన పోయేవాళ్లు పాడుకునేలా పాటలు కట్టాడు. సభ దాన్ని కాదని, తండ్రి ఏ స్వభావమో కుమారుడూ అదే స్వభావం అని విశ్వాస ప్రమాణంలో రాసింది. గ్రీకులో ఆ మాట హోమోఊసియోస్. వచ్చినవాళ్లు సుమారు 300 మంది, సంప్రదాయం 318 అంటుంది, అబ్రాహాము ఇంట పుట్టిన సేవకుల లెక్క అది. ఆఖరుకి సంతకం పెట్టనని నిలబడిన బిషప్పులు ఇద్దరు. చక్రవర్తి సమక్షంలో, చక్రవర్తి ఖర్చుతో జరిగిన సభ కాబట్టి ఒత్తిడి లేదని నేననను. కానీ ఆయనే కొన్నేళ్లకు ఏరియస్‌ని వెనక్కి పిలిపించి, నైసియా పక్షాన నిలిచిన అథనేసియస్‌ని ఎక్కడో దూరాన ట్రియర్ అనే ఊరికి ప్రవాసం పంపేశాడు. చచ్చిపోతూ బాప్తిస్మం తీసుకుంది కూడా ఏరియస్‌ని వెనకేసుకొచ్చిన బిషప్పు చేతి మీదుగానే. అథనేసియస్ అయిదుసార్లు ఊరు వదిలి పోవాల్సి వచ్చింది, మొత్తం 17 ఏళ్ల దాకా ప్రవాసమే. చక్రవర్తి ఒక్క ఓటుతో తేల్చేసిన విషయమైతే 381లో నైసియా మాటనే మళ్లీ ఖాయం చేసిన కాన్‌స్టాంటినోపుల్ సభ దాకా ఇంత యాతన దేనికి?

ఒక్క మాట కోసం ఇంత పట్టుదల ఎందుకని నన్ను చాలామంది అడుగుతారు. పెన్నకి వరదొచ్చినప్పుడు కొట్టుకుపోయేవాణ్ని, పక్కనే కొట్టుకుపోతున్న ఇంకొకడు కాపాడలేడు, కాళ్లు గట్టిగా ఒడ్డున ఆనినవాడే చెయ్యి అందించాలి. కుమారుడు కూడా మనలాగా సృష్టిలో భాగమే అయితే మనల్ని దేవుడి దగ్గరికి చేర్చేదెవరు అన్నది అథనేసియస్ బాధ. అది ఆయన గుండెల్లో మంట. అందుకే అన్నిసార్లు తరిమినా అదే మాట మీద ఉన్నాడు.

ఆ 20 నియమాల్లో 17వది మన నెల్లూరు వాళ్లు తప్పకుండా చదవాలి. సంఘ సేవకులు వడ్డీ వ్యాపారం చేస్తే పదవిలోంచి తీసేయమంది. అందులో ఉదాహరణగా చెప్పిన వడ్డీ నెలకి నూటికి ఒకటి, అంటే అచ్చంగా మన రూపాయి వడ్డీ! రెండు రూపాయలకీ మూడు రూపాయలకీ తిప్పే సంఘ పెద్దలున్న ఊళ్లు నాకు తెలుసు.

ప్రశ్న: తోమా మన మోటుపల్లి రేవులో దిగాడని మావాళ్లు చెప్తారు. ఆధారం ఉందా?
– ఒక పాఠకుడు, చీరాల

జవాబు: లేదు. యేసు శిష్యుడు తోమా భారతదేశానికి వచ్చాడన్న కథ మూడో శతాబ్దంలో సిరియా భాషలో రాసిన తోమా కార్యాల్లో ఉంది, సమాధి మైలాపూరులో ఉందన్నది పాత సంప్రదాయం. 13వ శతాబ్దం చివర్లో మార్కోపోలో మోటుపల్లిని ముత్‌ఫిలి అంటూ, ఏలుతున్న రాణిని, సాలెగూడు లాంటి సన్నటి బట్టని, వజ్రాలని పొగిడాడు. దానికి కాస్త ముందే తోమా సమాధి గురించి, అక్కడి మట్టిని జ్వరాలకి మందుగా తీసుకుపోయేవాళ్ల గురించి రాశాడు. మోటుపల్లిలో క్రైస్తవుల ఊసే ఎత్తలేదు. మోటుపల్లి గొప్పతనానికి అరువు కథ అక్కర్లేదు, కాకతి గణపతిదేవుడి అభయ శాసనం చాలు.

ప్రశ్న: మా అత్తగారు ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్. నవంబరు 2న సమాధుల పండుగకి మామగారి సమాధి కడిగి, సున్నం వేయించి, పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తుంది, ఆయనకి ఇష్టమైన అరిసెలు కూడా పట్టుకెళ్తుంది. నేను పెంతెకొస్తు ఇంట్లో పెరిగాను. ఇది విగ్రహారాధనే, వెళ్లొద్దని మా అమ్మవాళ్లు. వెళ్లకపోతే ఈవిడ రెండు రోజులు అన్నం తినదు. ఏం చేయను?
– ఒక కోడలు, నెల్లూరు

జవాబు: అమ్మా, నవంబరు 2 అనే తేదీ 11వ శతాబ్దం తొలినాళ్లలో ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఒడిలో పెట్టింది, అక్కడినుంచి అన్ని దేశాలకీ పాకింది. చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించడం దానికన్నా చాలా పాతది. 203లో కార్తేజిలో విశ్వాసం కోసం చంపబడ్డ పెర్పెతువ అనే ఆమె, జైల్లో ఉండగా తన తమ్ముడు దినోక్రతెస్ కోసం ప్రార్థించానని రాసుకుంది. ఆ బిడ్డ ఏడేళ్లకే మొహం మీద పుండుతో చనిపోయాడు. చనిపోయినవాళ్లను పరలోకానికి ముందు శుద్ధి చేసే స్థలం ఒకటుందనే సిద్ధాంతాన్ని లాటిన్ సంఘం 1274లో లియోన్ సభలో, 1439లో ఫ్లోరెన్స్ సభలో అధికారికంగా చెప్పింది, దాన్ని లూథర్ తర్వాతి ప్రొటెస్టెంట్లు ఒప్పుకోలేదు. మీ అమ్మవాళ్ల అభ్యంతరం అక్కడినుంచి వచ్చిందే, దానికీ కారణాలున్నాయి. మీరు నమ్మనిదాన్ని ప్రార్థనలో పలకక్కర్లేదు. తోడు వెళ్లడం వేరు.

మీ ఉత్తరంలో అరిసెల మాట చదవగానే నాకు మోనిక బుట్ట గుర్తొచ్చింది. ఆఫ్రికాలో ఉన్నప్పుడు ఆమె హతసాక్షుల సమాధుల దగ్గరికి జావ, రొట్టె, కొంచెం ద్రాక్షారసం బుట్టలో పెట్టుకుని వెళ్లేది, అది అక్కడి ఆచారం. కొడుకు కోసం మిలాను వచ్చాక అక్కడా అలాగే బుట్ట పట్టుకుని వెళ్తే కావలివాడు గుమ్మంలోనే ఆపాడు, బిషప్పు ఆంబ్రోస్ గారు వద్దన్నారని. సమాధుల దగ్గర తాగుడు ఎక్కువైందని, పాత మతంలో పితరులకు పెట్టే భోజనంలా ఉందని ఆయన ఆపించాడు. మోనిక పోట్లాడలేదు. బుట్ట ఇంట్లో పెట్టేసి, అది పేదవాళ్లకి ఇచ్చి, ఉత్త చేతులతో ప్రార్థనకు వెళ్లడం నేర్చుకుంది. మీ అత్తగారితో వెళ్లండి, సమాధి కడగడానికి నీళ్లు మీరే పోయండి. అరిసెలు సమాధి దగ్గర కూర్చునే ముసలివాళ్లకి పంచుదాం అత్తయ్యా అని మెల్లగా అని చూడండి. ఆవిడ కాదనదనే నా నమ్మకం.

మోనిక 387లో రోము దగ్గర ఓస్తియా రేవులో, సొంత ఊరికి ఓడ ఎక్కకుండానే చనిపోయింది. పరాయి దేశంలో పాతిపెట్టాల్సి వస్తుందే అని అగస్టీన్ తోబుట్టువైన ఇంకో కొడుకు బాధపడుతుంటే, ఈ ఒళ్లు ఎక్కడ పెట్టినా పరవాలేదు, మీరెక్కడున్నా ప్రభువు బల్ల దగ్గర నన్ను తలచుకోండి, అంతే అంది. 1945లో ఓస్తియాలో గుడి పక్కన ఇద్దరు పిల్లలు ఆడుకోవడానికి గుంజ పాతుకుందామని గుంట తవ్వుతుంటే ఒక పాలరాతి ముక్క బయటపడింది. చదివి చూస్తే ఆమె సమాధి రాయి. ఇప్పుడు ఆ గుడిలోనే పెట్టారు.